కంటి నరంలో గడ్డ ఎలా తయారవుతుంది?

ఒక కణం చెడిపోతుంది, అదుపు తప్పి పెరుగుతుంది, ఒంట్లోని రక్షణ కణాలు దాని మీద యుద్ధానికి దిగుతాయి. గడ్డల గురించి మనలో చాలామందికి తెలిసిన కథ ఇంతే. చాలా కణితుల విషయంలో ఇది నిజం కూడా. కానీ పిల్లల్లో వచ్చే కొన్ని నరాల గడ్డల దగ్గరకొచ్చేసరికి ఈ కథ పనిచేయదు. అక్కడ చెడిపోయిన కణం తనంతట తాను ఏమీ చేయలేదు. దాన్ని బతికించేది, పెంచేది పక్కనున్న ఆరోగ్యమైన నాడీకణాలు, వాటి మాట విని కదిలే రక్షణ కణాలు. ఆ రక్షణ కణాలను తప్పిస్తే గడ్డే రాదు.

ఈ తయారీ అంతా ఒక్కో మెట్టుగా బయటపడిన గడ్డ ఒకటుంది. న్యూరోఫైబ్రోమటోసిస్ టైప్ 1 అనే జన్యు వ్యాధి ఉన్న పిల్లలకు కంటి నుంచి మెదడుకు వెళ్లే నరంలో వచ్చే ఆప్టిక్ గ్లయోమా. ఆ వ్యాధి ఉన్న పిల్లల్లో నూటికి 15 నుంచి 20 మందికి ఈ గడ్డ వస్తుంది, అదీ ఎక్కువగా ఏడేళ్లలోపే. మెల్లగా పెరిగే రకం కాబట్టి ప్రాణం తీయడం అరుదు. చూపు మాత్రం తీయగలదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో, వాషింగ్టన్ యూనివర్సిటీలో డేవిడ్ గుట్‌మన్ బృందం ఇరవై ఏళ్లకు పైగా ఈ ఒక్క గడ్డ వెంటే పడింది. కింద చెప్పబోయే మెట్లలో చాలావరకు ఆ ల్యాబ్‌లో తేలినవే.

పుట్టకముందే పడే మెట్టు

మన 17వ క్రోమోజోమ్ మీద ఎన్‌ఎఫ్1 అనే పెద్ద జన్యువు ఉంది. 1990లో మిషిగన్‌లో ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందం, యూటాలో రే వైట్ బృందం దాదాపు ఒకేసారి దాన్ని పట్టుకున్నాయి. ఈ జన్యువు న్యూరోఫైబ్రోమిన్ అనే ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. కణం లోపల రాస్ అనే మరో ప్రొటీన్ ‘పెరుగు, రెండుగా చీలు’ అని ఆదేశాలిస్తూ ఉంటుంది. సమయానికి దాని నోరు మూయించడం న్యూరోఫైబ్రోమిన్ చేసే ముఖ్యమైన పనుల్లో ఒకటి.

దాదాపు ఏ జన్యువైనా మనకు రెండు ప్రతులుగా వస్తుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఈ వ్యాధితో పుట్టిన బిడ్డలో ఒక ప్రతి మొదటి నుంచీ పాడై ఉంటుంది. అది ఒక అవయవంలో కాదు, ఒంట్లోని ప్రతి కణంలోనూ. చర్మం, ఎముక, నాడులు, రక్తం, రక్షణ కణాలు, అన్నిట్లో. గడ్డ కట్టే కణమే కాక దాని ఇరుగుపొరుగు కూడా సగం బలంతోనే పుట్టాయన్న ఈ సంగతి తర్వాతి మెట్లన్నిటికీ పునాది.

సుమారు 3,000 జననాల్లో ఒకరికి ఈ వ్యాధి ఉంటుంది. అరుదైన జబ్బుల లెక్కలో చూస్తే ఇదేమంత అరుదు కాదు. తెలుగు ఇళ్లలో పిల్లలకు జన్యు వ్యాధి అనగానే ‘మేనరికం చేసుకున్నారా?’ అన్న ప్రశ్న ముందు వస్తుంది. కొన్ని వ్యాధుల్లో ఆ ప్రశ్నకు అర్థముంది. ఇక్కడ లేదు. ఒక్క ప్రతి పాడైతే చాలు వ్యాధి వస్తుంది కాబట్టి ఇద్దరి వైపు నుంచీ రావలసిన పనిలేదు. పైగా సగం మంది పిల్లల్లో ఆ మార్పు తల్లిదండ్రుల్లో ఎవరికీ ఉండదు, కొత్తగా పుట్టుకొస్తుంది. కోడలి పుట్టింటి వైపు వేలు చూపేవాళ్లు ఇది తెలుసుకుంటే మంచిది.

బయటికి కనిపించే మొదటి గుర్తు చర్మం మీద ఉంటుంది. పాలు కలిపిన కాఫీ రంగులో, చదునుగా ఉండే మచ్చలు. ఒకటో రెండో మచ్చలు ఎవరికైనా ఉండొచ్చు, కంగారు పడనక్కర్లేదు. యుక్తవయసు రాని పిల్లల్లో అర సెంటీమీటరు దాటినవి ఆరు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే మాత్రం డాక్టర్లు దాన్ని వ్యాధి లక్షణంగా లెక్కలోకి తీసుకుంటారు. పుట్టుమచ్చల ఫలితాలు పంచాంగంలో వెతుక్కునే అలవాటు ఉన్నవాళ్లం, ఈ మచ్చల లెక్కను మాత్రం పిల్లల డాక్టరుకే వదిలేయాలి.

రెండో ప్రతి పోయినా సరిపోలేదు

ఒక ప్రతి మిగిలి ఉన్నంతవరకు కణం దాదాపు సజావుగానే నడుస్తుంది. గడ్డ మొదలు కావాలంటే ఏదో ఒక కణంలో ఆ రెండో ప్రతి కూడా దెబ్బతినాలి. కంటి నరంలో ఆ దెబ్బ తగిలేది చూపును మోసే నాడీకణాలకు కాదు, వాటిని కనిపెట్టుకుని ఉండే గ్లియా కణాల మూలాలకు. ఎన్‌ఎఫ్1 రెండు ప్రతులూ పోయిన ఆ కణంలో రాస్‌కు ఇక అడ్డు చెప్పేవాళ్లు ఉండరు.

పాతకాలపు లెక్క ప్రకారం కథ ఇక్కడితో ముగిసిపోవాలి. పగ్గాలు తెగాయి, గడ్డ పెరిగింది. అలా జరగలేదని మొదట చెప్పింది చిట్టెలుకలు. 2003లో గుట్‌మన్ బృందం రెండు రకాల ఎలుకలను పోల్చి చూసింది. రెండిట్లోనూ గ్లియా కణాల్లో ఎన్‌ఎఫ్1 పూర్తిగా తీసేశారు. తేడా చుట్టుపక్కల కణాల్లోనే. ఒక రకంలో మిగతా ఒళ్లంతా ఆరోగ్యంగా ఉంది, రెండో రకంలో పిల్లల్లో మాదిరిగానే ఒళ్లంతా ఒక ప్రతి పాడై ఉంది. మొదటి రకానికి గడ్డలు రాలేదు. రెండో రకానికి కంటి నరంలో వచ్చాయి. అంటే చెడిపోయిన కణం ఉండటం అవసరమే గానీ, అదొక్కటే చాలదు. చుట్టూ ఉన్న సగం బలం కణాల్లో ఎవరో దానికి సాయం చేస్తున్నారు. ఎవరన్నది తేల్చడానికే తర్వాతి కాలమంతా పట్టింది.

ఎలుకల దగ్గరికే ఎందుకు పోవాలి అని అడగొచ్చు. పిల్లల్లో ఈ గడ్డను ఎంఆర్‌ఐలో చూసి గుర్తిస్తారు. ముక్క కోసి పరీక్షకు పంపడం చాలా అరుదు, ఎందుకంటే అది చూపు నడిచే దారి, కత్తి పెడితే ఆ దారే తెగుతుంది. అందువల్ల పరిశోధకుల చేతికి పిల్లల గడ్డల ముక్కలు దాదాపు దొరకవు. ఎలుకల్లో తేలిన విషయాన్ని పిల్లలకు వర్తింపజేసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలన్నది నిజం, అయితే ఇక్కడ వేరే దారి దాదాపు లేదన్నది కూడా నిజం.

నరం పంపే కబురు

అనుమానితుల్లో మొదటివి, ఎవరూ అనుమానించనివి, నాడీకణాలు. కంటి వెనక తెరలాంటి రెటీనాలో గాంగ్లియాన్ కణాలుంటాయి. వాటి పొడవాటి తోకలన్నీ కట్టగా చేరితే అదే కంటి నరం. వెలుతురు పడినప్పుడల్లా ఆ తోకల గుండా విద్యుత్ సంకేతం పరుగు తీస్తుంది. అది చూపు. అదే సంకేతం దారి పక్కన పొంచి ఉన్న చెడు కణానికి కూడా తగులుతుంది.

2021లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన మిషెల్ మాంజే బృందం, గుట్‌మన్ బృందం కలిసి నేచర్ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించాయి. పద్ధతి వింటే ఇంత తేలికా అనిపిస్తుంది. గడ్డలు మొదలయ్యే వయసులో ఎలుకలను చీకటి గదిలో ఉంచారు. వెలుతురు లేదు కాబట్టి కంటి నరంలో సంకేతాలు తగ్గిపోయాయి. ఆ ఎలుకలకు గడ్డలు రాలేదు. గడ్డలు వచ్చేశాక చీకట్లో పెట్టినవాటిలో ఎదుగుదల మందగించింది. దీనికి కారణం న్యూరోలిజిన్-3 అనే ప్రొటీన్ అని తేలింది. నరం చురుగ్గా ఉన్నప్పుడు దాని ముక్క తెగి బయటికి రాలుతుంది, ఎన్‌ఎఫ్1 పాడైన నరంలో మరీ ఎక్కువగా రాలుతుంది. చెడు కణానికి అది ఎరువు. దాన్ని కత్తిరించే ఎంజైమును మందుతో ఆపినప్పుడు కూడా ఎలుకల్లో గడ్డ ఎదుగుదల తగ్గింది.

ఇది చదివి ఏ తల్లీ తండ్రీ బిడ్డను చీకటి గదిలో కూర్చోబెట్టకూడదు. పసివయసులో వెలుతురు, బొమ్మలు, ముఖాలు చూస్తేనే మెదడుకు చూపు అలవడుతుంది. ఆ వయసులో కన్ను మూసి ఉంచితే చూపు ఎదగకుండానే ఆగిపోతుంది. ప్రయోగం చేసినవాళ్లు వెతికింది కారణాన్ని, వైద్యాన్ని కాదు.

వెలుతురుతో సంబంధం లేని రెండో దారి కూడా ఉంది. రోగనిరోధక కణాలు కథలోకి వచ్చేది దాని గుండానే. ఎన్‌ఎఫ్1 ఒక ప్రతి పాడైన నాడీకణాలు ఊరికే ఉన్నప్పుడు కూడా ఉండాల్సినదానికన్నా ఉద్రేకంగా ఉంటాయి, అవసరం లేకపోయినా సంకేతాలు పుట్టిస్తాయి. ఆ ఉద్రేకంలో మిడ్‌కైన్ అనే ప్రొటీన్‌ను బయటికి వదులుతాయి. మనిషి మూలకణాలలో ఎన్‌ఎఫ్1 మార్పు పెట్టి, వాటి నుంచి ల్యాబ్‌లో నాడీకణాలు పెంచి చూస్తే అవి కూడా మిడ్‌కైన్‌ను ఎక్కువగానే విడుదల చేశాయి. కాబట్టి ఇది ఎలుకల ప్రత్యేకత మాత్రమే కాదు.

మిడ్‌కైన్ చెడు కణానికి తిండి కాదు. అది కబురు. అందుకోవలసింది వేరొకరు.

టీ కణం లేకపోతే గడ్డ లేదు

ల్యాబుల్లో ఒక రకం ఎలుకలుంటాయి. ఒంటి మీద వెంట్రుకలుండవు, ఛాతీలో థైమస్ గ్రంథి ఉండదు. టీ కణాలు పరిణతి చెందేది థైమస్‌లోనే కాబట్టి వీటికి టీ కణాలు ఉండవు. రక్షణ వ్యవస్థ లోపించిన ఈ ఎలుకల్లో మనిషి కణితుల ముక్కను నాటినా బతికి పెరుగుతుంది. దశాబ్దాలుగా క్యాన్సర్ మందుల పరీక్షలకు వీటిని వాడేది అందుకే.

ఎన్‌ఎఫ్1 గడ్డ మూలకణాలను ఇలాంటి ఎలుకల్లో నాటితే అవి ఇంకా విజృంభించాలి కదా. 2018లో వచ్చిన ఫలితం దానికి పూర్తి విరుద్ధం. టీ కణాలున్న ఎలుకల్లో గడ్డ కట్టిన మూలకణాలు, టీ కణాలు లేని ఎలుకల్లో గడ్డ కట్టలేకపోయాయి. నాకు ఈ పరిశోధన మొత్తంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన ఘట్టం ఇదే. గడ్డను చంపాల్సిన కణం లేకపోవడం గడ్డకు లాభం కావాలి. నష్టమైంది.

ఎందుకో 2020లో తేలింది. చెడు కణాలు తమ చుట్టూ కీమోకైన్లనే రసాయనాలు వదిలి టీ కణాలను దగ్గరికి రప్పిస్తాయి. వచ్చినవాటిలో సీడీ8 రకానివి ముఖ్యం. మామూలుగా వైరస్ సోకిన కణాన్ని పసిగట్టి చంపేది ఈ రకమే. ఇక్కడ వాటికి ఎదురయ్యేది నాడీకణాలు వదిలిన మిడ్‌కైన్. అది తగలగానే టీ కణం మేలుకుంటుంది, చంపడానికి కాదు, సీసీఎల్4 అనే మరో రసాయనం తయారు చేయడానికి. ఎలుకల్లో సీడీ8 టీ కణాలను తొలగిస్తే గడ్డ ఎదుగుదల తగ్గింది.

కోవిడ్ తర్వాత మన ఊళ్లలో ‘ఇమ్యూనిటీ పెంచుకోవడం’ ఒక వ్యాపారమైంది. కషాయం పొడుల నుంచి బిస్కెట్ల దాకా ప్రతి అట్టపెట్టె మీదా అదే మాట. అది గ్లాసులో నీళ్ల మట్టంలా పైకో కిందికో జరిగేది కాదని ఈ గడ్డ చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఏ కణం, ఎక్కడ, ఎవరి మాట విని, ఏం చేస్తోంది అన్నదే అసలు ప్రశ్న. ఇక్కడ టీ కణం బలహీనంగా లేదు. బాగానే పనిచేస్తోంది, చేస్తున్న పనే వేరు.

కాపలాదారు వండిపెట్టే అన్నం

సీసీఎల్4 వెళ్లి చేరేది మైక్రోగ్లియాకు. మెదడులో స్థిరంగా కాపురముండే రక్షణ కణాలివి. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పీయో దెల్ రియో ఓర్తేగా వీటిని వేరుగా గుర్తించి పేరు పెట్టాడు. మిగతా రక్షణ కణాల మాదిరిగా ఎముక మూలుగు నుంచి ఎప్పటికప్పుడు పుట్టి రావు. పిండ దశలో సొనసంచి నుంచి మెదడులోకి చేరి అక్కడే ఉండిపోతాయి. చచ్చిన కణాలను ఊడ్చేయడం, పనికిరాని నాడీ సంధులను కత్తిరించడం, సూక్ష్మక్రిములు వస్తే మింగేయడం వీటి నిత్యకృత్యం.

ఈ తరహా నెమ్మది గ్లయోమాలను సూక్ష్మదర్శిని కింద చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. గడ్డలోని కణాలన్నీ గడ్డ కణాలు కావు. మూడో వంతు దాకా, కొన్నిట్లో సగం దాకా మైక్రోగ్లియా, వాటి దగ్గరి బంధువులైన మాక్రోఫేజులే. ఎంఆర్‌ఐలో కనిపించే ఆ ఉబ్బులో అంత భాగం మన సొంత రక్షణ కణాలే.

టీ కణం నుంచి సీసీఎల్4 అందగానే మైక్రోగ్లియా సీసీఎల్5 అనే ప్రొటీన్‌ను తయారు చేస్తుంది. చెడు కణానికి కావలసిన అసలు తిండి ఇదే. సీసీఎల్5 ఉంటే గడ్డ మూలకణాలు చావకుండా నిలబడతాయి, సంఖ్య పెరుగుతాయి. 2015లో ఎలుకల గడ్డల నుంచి మైక్రోగ్లియాను వేరుచేసి, అందులో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదివినప్పుడు సీసీఎల్5 పైకి తేలింది. దాన్ని పట్టి బంధించే యాంటీబాడీ ఇస్తే గడ్డ ఎదుగుదల తగ్గింది. థైమస్ లేని ఎలుకల్లో గడ్డ ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమవుతుంది. అక్కడ మైక్రోగ్లియా ఉంది గానీ, దాన్ని పురమాయించే టీ కణం లేదు. చురుకైన టీ కణాలను పెంచిన ద్రవాన్ని ల్యాబ్‌లో ఆ మైక్రోగ్లియా మీద పోస్తే, అది సీసీఎల్5 తయారు చేయడం మొదలుపెట్టింది.

మొత్తం వరస ఇది: నాడీకణం మిడ్‌కైన్‌ను వదులుతుంది, టీ కణం సీసీఎల్4 ఇస్తుంది, మైక్రోగ్లియా సీసీఎల్5 ఇస్తుంది, గడ్డ పెరుగుతుంది. నాడీకణానికీ గడ్డకూ మధ్య ఇద్దరు దళారులు.

మైక్రోగ్లియా చేసే ఇంకో చెడు పని గడ్డ పరిమాణంతో సంబంధం లేనిది. ఆప్టిక్ గ్లయోమా ఉన్న పిల్లల్లో చూపు దెబ్బతిని వైద్యం అవసరమయ్యేది అబ్బాయిలకన్నా అమ్మాయిల్లో ఎక్కువ. ఎలుకల్లోనూ అంతే. మగ, ఆడ ఎలుకల గడ్డలు ఇంచుమించు ఒకే సైజులో ఉన్నా, రెటీనాలో కణాలు చనిపోయేది ఆడవాటిలోనే. ఈస్ట్రోజెన్ హార్మోన్ ప్రభావంతో మైక్రోగ్లియా నాడీకణాలకు హాని చేసే స్థితిలోకి మారడం ఇందుకు కారణమని 2017లో తేలింది. అందుకే ‘స్కాన్‌లో గడ్డ పెరగలేదు, ఫర్వాలేదు’ అనుకోవడం ప్రమాదకరం. స్కాన్ గడ్డను చూపిస్తుంది, చూపును కొలవదు. కళ్ల డాక్టరు చార్టు ముందు కూర్చోబెట్టి చేసే పరీక్షే చూపును కొలుస్తుంది.

ఉబ్బసం ఉన్న పిల్లలు

టీ కణం ఎప్పుడూ గడ్డకే పనిచేస్తుందా? కాదని చెప్పింది ఉబ్బసం. న్యూరోఫైబ్రోమటోసిస్ ఉన్న పిల్లల్లో ఉబ్బసం కూడా ఉన్నవాళ్లకు మెదడు గడ్డలు తక్కువగా వస్తున్నాయని ముందే కొన్ని పరిశీలనలు చెప్పాయి. ఇలాంటి లెక్కలను తేలిగ్గా నమ్మకూడదు, వాటి వెనక వేరే కారణాలు ఎన్నయినా ఉండొచ్చు. గుట్‌మన్ బృందం ఎలుకల్లో దీన్ని నేరుగా పరీక్షించింది. చిన్న వయసులోనే ఎలుకల ఊపిరితిత్తుల్లో ఉబ్బసం లాంటి స్థితి పుట్టించారు. వాటిలో గడ్డలు ఏర్పడటం తగ్గిపోయింది.

ఊపిరితిత్తుల్లో జరిగినదానికీ కంటి నరానికీ ఏమిటి సంబంధం? మళ్లీ టీ కణమే. ఉబ్బసంలో మేలుకున్న టీ కణాలు సీసీఎల్4 బదులు డెకోరిన్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారు చేస్తాయి. డెకోరిన్ తగిలిన మైక్రోగ్లియా సీసీఎల్5 తయారీ ఆపేస్తుంది. అన్నం వండేవాడు చెయ్యి కడిగేసుకున్నాడు, గడ్డ పస్తున్నది. 2021లో వచ్చిన ఈ ఫలితం వల్ల ఎవరూ పిల్లలకు ఉబ్బసం తెప్పించబోరు, దమ్ముతో రాత్రంతా కూర్చున్న పిల్లవాణ్ని చూసినవాళ్లెవరూ ఆ మాటే అనరు. డెకోరిన్‌ను మందుగా వాడగలమా అన్నది మాత్రం వెతకదగిన దారి.

ఒంటి నరాల్లో ఇంకో కణం

ఇదే వ్యాధిలో కంటి నరమే కాక, ఒంట్లోని నరాల చుట్టూ కూడా గడ్డలు వస్తాయి. ప్లెక్సిఫార్మ్ న్యూరోఫైబ్రోమా అనేవి పుట్టుకతోనే మొదలై, ముఖం మీదో, మెడలోనో, వెన్ను పక్కనో నరాల గుత్తి వెంట అల్లుకుపోతాయి. కొన్ని పెద్దయ్యాక క్యాన్సర్‌గా మారతాయి. ఇక్కడ ఎన్‌ఎఫ్1 రెండు ప్రతులూ పోయేది నరానికి తొడుగు వేసే ష్వాన్ కణాల్లో. సాయం చేస్తున్నాయని మొదట అనుమానం పడింది మాస్ట్ కణాల మీద. దోమ కుట్టినచోట దద్దురు లేపేవి ఇవే.

2008లో సెల్ పత్రికలో వచ్చిన పరిశోధనలో ఎలుకల ఎముక మూలుగు మార్చి చూశారు. ష్వాన్ కణాలు చెడిపోయి, మిగతా ఒళ్లు ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు సగం పాడైన మూలుగు ఎక్కిస్తే గడ్డలు వచ్చాయి. ఒళ్లంతా సగం పాడైన ఎలుకకు ఆరోగ్యమైన మూలుగు ఎక్కిస్తే రాలేదు. ష్వాన్ కణం వదిలే రసాయనం మాస్ట్ కణాలను పిలుస్తుంది, వచ్చినవి వదిలే పదార్థాలతో గడ్డ చుట్టూ పీచు, రక్తనాళాలు పెరుగుతాయి. మాస్ట్ కణం ఆ పిలుపును అందుకునే గ్రాహకం కిట్. రక్త క్యాన్సర్‌కు వాడే ఇమాటినిబ్ మందు కిట్‌ను అడ్డుకుంటుంది. శ్వాసనాళాన్ని నొక్కుతున్న గడ్డతో ప్రాణాపాయంలో ఉన్న మూడేళ్ల బిడ్డకు ఆ మందు ఇస్తే మూడు నెలల్లో గడ్డ 70 శాతం దాకా తగ్గింది.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి, ఎందుకంటే పత్రికల్లో మొదటి వార్తే వస్తుంది, రెండోది రాదు. 2012లో ప్రచురించిన ట్రయల్‌లో ఆరు నెలలైనా మందు వాడిన 23 మందిలో 20 శాతం లేదా అంతకుమించి గడ్డ తగ్గింది ఆరుగురికే. మరో రకం ఎలుకల్లో మాస్ట్ కణాల పిలుపును ఆపేసినా గడ్డలు వచ్చాయని 2018లో ఇంకో బృందం చూపింది. అక్కడ వాపు, మాక్రోఫేజుల పాత్ర ఎక్కువని తేలింది. ఒకే వ్యాధి, ఒకే జన్యువు, అయినా నరం మారితే సాయపడే కణం మారుతోంది, సాయం ఎంత తప్పనిసరి అన్నదీ మారుతోంది. కంటి నరం వరసను తెచ్చి ప్రతి నరాల గడ్డకూ తగిలించకూడదు.

ఏ మెట్టు దగ్గర ఆపాలి?

ఇప్పుడు పిల్లలకు ఇస్తున్న వైద్యం ఈ వరసలో చివరి మెట్టునే తాకుతుంది. చూపు తగ్గుతుంటే కార్బోప్లాటిన్, విన్‌క్రిస్టిన్ కలిపి కీమో ఇస్తారు. విభజన చెందే గడ్డ కణాలను అవి చంపుతాయి. రేడియేషన్ ఈ పిల్లలకు వీలైనంతవరకు ఇవ్వరు, మెదడు రక్తనాళాలు మూసుకుపోవడం, మరో కొత్త కణితి రావడం లాంటి ముప్పు వీళ్లలో ఎక్కువ. రాస్ తర్వాతి మెట్లలో ఒకదాన్ని అడ్డుకునే సెలుమెటినిబ్‌ను ప్లెక్సిఫార్మ్ న్యూరోఫైబ్రోమా ఉన్న రెండేళ్లు, ఆపై వయసు పిల్లలకు వాడటానికి 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. ఎన్‌ఎఫ్1 గ్లయోమాల్లో దాన్ని కీమోతో పోల్చే ట్రయల్ కూడా అమెరికాలో మొదలైంది. అసలు చాలామంది పిల్లలకు ఏ మందూ అక్కర్లేదు. గడ్డ కొంత పెరిగి ఆగిపోతుంది, కొందరిలో దానంతటదే కుంచించుకుపోతుంది. అందుకే వ్యాధి నిర్ధారణ అయిన పిల్లలందరికీ ఏటేటా కంటి పరీక్ష చేయిస్తారు గానీ, ఏ ఇబ్బందీ లేనివాళ్లకు ఊరికే ఎంఆర్‌ఐ తీయించరు. పసిబిడ్డకు ఎంఆర్‌ఐ అంటే మత్తు కూడా ఇవ్వాలి మరి.

పై మెట్ల దగ్గర ఆపాలన్న ఆలోచనలో ఇప్పటికి దగ్గరగా వచ్చింది మూర్ఛకు వాడే పాత మందు లామోట్రిజిన్. ఎన్‌ఎఫ్1 నాడీకణాల ఉద్రేకానికి హెచ్‌సీఎన్ అనే అయాన్ మార్గంలో లోపం కారణమని 2022లో గుట్‌మన్ బృందం చూపింది. లామోట్రిజిన్ ఆ మార్గాన్ని సర్దుతుంది. ఎలుకల్లో అది ఇస్తే నాడీకణాలు శాంతించాయి, మిడ్‌కైన్ తగ్గింది, గడ్డ ఎదుగుదలా తగ్గింది. మిడ్‌కైన్ కబురే లేకపోతే టీ కణాన్నీ మైక్రోగ్లియానూ ముట్టుకోనక్కర్లేదు. నాకు ఈ దారి నచ్చడానికి కారణం అదే. పసిబిడ్డలో టీ కణాలను అణిచేస్తే ప్రతి జలుబుకూ భయపడాలి, మైక్రోగ్లియాను అణిచేస్తే ఎదుగుతున్న మెదడు పని చెడుతుంది. నాడీకణాన్ని కాస్త నెమ్మదింపజేసే మందును మాత్రం పిల్లల న్యూరాలజిస్టులు ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు, దాని దుష్ఫలితాలు, చర్మం మీద వచ్చే ప్రమాదకరమైన దద్దుర్లతో సహా, వాళ్లకు తెలుసు.

ఇక్కడ అడ్డొచ్చేది వయసు. ఎలుకల్లో చీకటి, ఉబ్బసం గడ్డను రానివ్వకుండా చేసింది అది కట్టకముందు, చిన్న వయసులో. పిల్లలు డాక్టరు దగ్గరికి వచ్చేది గడ్డ కనిపించాక. ముందే ఇవ్వాలంటే మచ్చలు తప్ప ఏ ఇబ్బందీ లేని రెండేళ్ల బిడ్డకు మందు మొదలుపెట్టాలి. అలాంటి నూరు మందిలో ఎనభై మందికి పైగా ఆ గడ్డ ఎప్పటికీ రాదు. ఎవరికి వస్తుందో చెప్పడానికి ఒక చిన్న ఆధారం జన్యువులోనే దొరికింది. ఎన్‌ఎఫ్1లో 1809వ స్థానంలో ఆర్జినిన్ మారిపోయిన కొందరిలో మచ్చలుంటాయి గానీ ఆప్టిక్ గ్లయోమాలు, ప్లెక్సిఫార్మ్ గడ్డలు కనిపించవు. ఆ స్థానంలో ఆర్జినిన్ బదులు సిస్టీన్ పెట్టిన ఎలుకల నాడీకణాలు కూడా ఉద్రేకపడవు. మార్పు ఏ స్థానంలో ఉందో చూసి నరం ఉద్రేకపడుతుందో లేదో ముందే అంచనా వేయగలిగితే, ఆ రెండేళ్ల బిడ్డకు మందు రాయాలా వద్దా అన్నది డాక్టరు చెప్పగలడు. అప్పటిదాకా ఏటేటా కంటి పరీక్షే.